డైరీ జాగా హర్రాజూ, మా యారాలూ

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఆ రోజుల్లో, మా దిక్కు ఎవరిని పలకరించినా గజాల ముచ్చటే. అంతకు ముందు మాకు ఎకరాలు తెలుసు, గుంటలు తెలుసు. గజం అంటే రవికె గుడ్డ కొలిచేదని మాత్రమే తెలుసు. భూమిని కూడా రవికె ముక్కల్లా కోసి అమ్ముతారని, ఆ ముక్కల కోసం బుద్ధి ఉన్న మనుషులు కూడా ఒకరి మీద ఒకరు అరుచుకుంటారని అప్పుడే చూశాం. నేను చెప్పబోయేది నా పడుచుతనపు ముచ్చట. అప్పటికే నీకు మనవరాలు ఉంది కదా, పడుచుతనం ఎక్కడిదని మీరు అడగవచ్చు. ఒంటికి వయసు వచ్చినట్టు కుళ్లుకు రాదు. నా జుట్టు నెరిసినా నా కుళ్లు మాత్రం అప్పుడు నిండు వయసులో, తాడు తెంపుకున్న బర్రెదుడ్డెలా గెంతుతూ ఉండేది. (ఇప్పుడు దానికీ కాస్త మోకాళ్ల నొప్పులు వచ్చాయి. చావలేదు.)

ఆ కుళ్లుకు మేత మా యారాలు. యారాలు అంటే తోటికోడలు, నా మరిది భార్య. నాకంటే చిన్నది, నా తర్వాత ఆ ఇంటికి వచ్చింది, అయినా అన్నిట్లో నాకంటే ముందు ఉండేది. మా ఇల్లు ఒకటే, నడుమ గోడ ఒకటి లేచింది. గ్యాసు పొయ్యి ఆ గోడ అవతలే ముందు వెలిగింది. ఫ్రిజ్ ఆ గోడ అవతలే ముందు గుర్రుమంది. ఆమె పెట్టిన చిక్కుడు తీగ గోడెక్కి మా వైపు ఆకులు పరిచి, కాయలు మాత్రం ఆమె వైపే కాసేది. (తీగ కూడా ఆమె మాటే వినేదని నా అనుమానం.) చివరికి చదువులో కూడా అంతే. ఊరి మహిళా సంఘం మీటింగులో మేమంతా వేలిముద్రలు వేసేవాళ్లం. ఒకనాడు ఆమె సిరా డబ్బాను పక్కకు జరిపి, పెన్ను అడిగి తీసుకుని, ముగ్గు పెట్టినట్టు మెల్లగా ఒక్కో అక్షరం పెట్టి తన పేరు తానే రాసింది. అందరూ చప్పట్లు కొట్టారు. సిరా అంటిన నా బొటనవేలు గాలిలోనే ఉండిపోయింది. ఇంటికి వస్తే అన్నం సయించలేదు. తెల్లారి మనవరాలి పలక లాక్కున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది జ్ఞానం కోసమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆమె తన పేరు ఒక్కటే రాస్తే నేను నా పేరు, మా ఆయన పేరు, ఊరి పేరు, మండలం పేరు కూడా రాయాలని పంతం పట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు మీరు చదువుతున్నది కూడా ఆ కుళ్లు పెట్టిన భిక్షే.

ఇక హర్రాజు అంటే మాకు తెలిసింది వినాయకుడి లడ్డూ హర్రాజు ఒక్కటే. నిమజ్జనానికి ముందు మైకు పెట్టి లడ్డూను హర్రాజు వేస్తారు. ఎవరు ఎక్కువకు అడిగితే లడ్డూ వాళ్లది. డబ్బు అప్పటికప్పుడు ఇవ్వనక్కరలేదు, మళ్లీ వినాయకుడు వచ్చేలోగా ఇస్తే చాలు. అందుకే లడ్డూ దగ్గర నోరు తెరిచినవాడు మూయడు. ఆగితే పరువు పోతుంది, ఆగకపోతే మెడలో దండ పడుతుంది, డప్పులు మోగుతాయి. ఆ ఏడు లడ్డూ మా మరిది గెలిచాడు. మా యారాలు ఆ లడ్డూ పళ్లెం నెత్తిన పెట్టుకుని డప్పుల నడుమ ఊరంతా తిరిగింది. మా గడప ముందుకు వచ్చినప్పుడు డప్పులవాళ్లు ఇంకాస్త గట్టిగా కొట్టారు. ఆమే చెప్పి కొట్టించిందని ఇప్పటికీ నా నమ్మకం. ప్రసాదం నాకు కూడా పంపింది. తిన్నాను. తియ్యగానే ఉంది, అదే నా బాధ.

మా ఊరు కేతేపల్లి దిక్కు, నకిరేకల్ పోయే దారిలో ఉంటుంది. ఊరి బయట రోడ్డు పక్కన ఒక పాల డైరీ ఉండేది. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పెట్టాడు, మేం డైరీ సారు అనేవాళ్లం. గడ్డి వేయడానికి, పేడ తీయడానికి, పాలు పిండడానికి నేను అక్కడికి పనికి పోయేదాన్ని. సారు మంచివాడు. డైరీ జాగాలో ఒక మూలకు పాత కొట్టం ఉండేది, దాని ముందు నీళ్ల గోలెం. ఆ కొట్టంలో నా సొంత బర్రెలు రెండిటిని కట్టుకోనిచ్చాడు. ఇంటి దగ్గర గోడ లేచాక నా వైపు ఒక మంచం, ఒక పొయ్యి పట్టే జాగా మిగిలింది గానీ బర్రె పట్టే జాగా మిగల్లేదు. మా యారాలు తన బర్రెలను వీధిలో కట్టేసుకునేది. వీధికి సిమెంటు రోడ్డు పడ్డాక పంచాయతీవాళ్లు వచ్చి రోడ్డు మీద పశువులను కట్టవద్దని గట్టిగా చెప్పిపోయారు. ఆమె పొద్దున లేస్తే ఒకరి పెరట్లో, సాయంత్రమైతే ఇంకొకరి పెరట్లో బర్రెలను కట్టి బతిమాలుకుంటూ తిరిగేది. చూసి నాకు జాలి వేయలేదని చెప్పను. కానీ జాలికంటే ముందు ఇంకోటి వేసింది, దాని పేరు సంతోషం.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. సారుకు వయసు మీద పడింది, డైరీలో మిగిలేది పేడ ఒక్కటే అయింది. బర్రెలను అమ్మేశాడు. జాగాను ప్లాట్లు చేసి హర్రాజు పెట్టిస్తున్నాడని ఊరంతా తెలిసింది. ఆ మూల ముక్క ఎవరి చేతిలోనో పడితే నా బర్రెలు ఎక్కడికి పోవాలి? పశువుల అంగడికి. అవి పోతే నేను పొద్దున లేచి ఎవరి మొహం చూడాలి? మా ఆయన మొహం చూడవచ్చు, కానీ ఆయన పాలివ్వడు.

హర్రాజు పని చూడడానికి పట్నం నుంచి ఒక దలాలి వచ్చాడు. అత్తరు పూసుకుని పేడకుప్పల మధ్య తిరుగుతుంటే ఏ వాసన ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. మేం అత్తరు దలాలి అని పేరు పెట్టాం. ఒకనాడు నేను కొట్టం ఊడుస్తుంటే ముక్కుకు రుమాలు కట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఊరివాళ్లు నోరు తెరిస్తేనే బయటివాళ్లు నోరు తెరుస్తారట. ఊళ్లో పదిమందికీ తెలిసిన మొహం ఒకటి హర్రాజులో కూర్చుని మొదటి ప్లాటు ధర పెంచితే చాలట, మిగతా జనం గొర్రెల్లా వెంట వస్తారట.

“పెద్దమ్మా, నువ్వు అడుగు, పెంచు. నేను కండ్లద్దాలు తీసి తుడుచుకున్ననంటే ఆగు. గంతే పని. గీ కొట్టం మూల హర్రాజుల పెట్టకుంట నీకే అగ్గువకు ఇప్పిస్త.”

“ఆగకుంటె ఏమైతది?” అన్నాను. పని పూర్తిగా తెలుసుకోవడం నా అలవాటు.

“ఆగకుంట ఉండనీకి నీ కాడ పైసలున్నయా?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి ఇద్దరికీ అది నవ్వే మాటలాగే ఉంది.

పోతూ పోతూ ఒక నారాయణపేట చీర చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ గళ్లు, ఎర్రంచు. జాగా కొనేదానిలా కనిపించాలి కదా అన్నాడు. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయనకు చెబితే తమ్ముడికి చెబుతాడు, తమ్ముడికి చెబితే గోడ అవతలికి పోతుంది, గోడ అవతలికి పోతే నా కొట్టం పోతుంది. చీరను బియ్యం డబ్బాలో దాచాను. అప్పుడప్పుడు మూత తీసి అంచు తడిమి మళ్లీ మూసేదాన్ని. ఆ వారం మా ఇంట్లో బియ్యం ఎందుకు అన్నిసార్లు కొలుస్తున్నానని మా ఆయన అడిగాడు కూడా.

ఒక ఆదివారం హర్రాజు పెట్టారు. మొన్నటిదాకా బర్రెలు నిలబడిన చోట టెంటు వేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సున్నం గీతలు, నంబర్లు రాసిన రాళ్లు, రాయికొక ఎర్ర జెండా. వెనక పలావు ఉడుకుతోంది. డైరీ సారు ముందు వరుసలో, అత్తవారింటికి పిల్లను పంపేవాడిలా మెత్తబడి కూర్చున్నాడు. నేను కొత్త చీర కట్టుకుని, నడుము నిటారుగా పెట్టుకుని టెంటు కిందికి అడుగు పెట్టాను. ఆడవాళ్ల వరుసలో మా యారాలు కూర్చుని ఉంది. ఆకుపచ్చ గళ్లు. ఎర్రంచు.

మా దగ్గర పెళ్లిళ్లలో ఒక ఆచారం ఉంది. ఒక ఇంటి కోడళ్లకు బట్టలు పెట్టేటప్పుడు అందరికీ ఒకే రకం చీర పెడతారు, ఎవరి చీర బాగుందని కొట్టుకోకుండా. మా అత్త బతికి ఉన్నన్నాళ్లు అట్లాగే పెట్టింది. ఆమె పోయాక మేమిద్దరం ఒకే రకం చీరలో కనిపించడం అదే మొదలు. నాకు ఒకటే తోచింది. నేను లేనప్పుడు వచ్చి బియ్యం డబ్బా మూత తీసి చూసింది, చూసి నారాయణపేట దాకా మనిషిని పంపి అచ్చం అలాంటిదే తెప్పించుకుంది. ఆమె కూడా నా వైపు, తన చీర నేను ఒలుచుకున్నట్టు చూసింది. పక్కనున్న సంఘం అధ్యక్షురాలు ఇద్దరినీ ఎగాదిగా చూసి, “ఒక్క తీరుగ కట్టిన్రు, మీ ఇంట్ల ఏమన్న ఫంక్షనా?” అని అడిగింది. “లేదు” అని ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆ పొద్దు మేం కలిసి అన్న మొదటి మాట అదే.

మైకు పట్టుకున్నది మా ఊరి మైకాయనే, ఏటా లడ్డూ హర్రాజు చెప్పేవాడు. అలవాటు కొద్దీ బల్ల మీద బంతిపూల దండ పెట్టుకున్నాడు, టెంటు బయట ఇద్దరు డప్పులవాళ్లను నిలబెట్టాడు. రోడ్డు వైపు మొదటి ప్లాటు ధర చెప్పాడు. ఎవరూ పలకలేదు. నకిరేకల్ నుంచి వచ్చిన రైసు మిల్లు సేటు గోళ్లు చూసుకుంటున్నాడు. మిగతావాళ్లు మిల్లు సేటును చూస్తున్నారు. నేను లేచి గజానికి వంద ఎక్కువ అన్నాను. (బర్రెలను అదిలించిన గొంతు, మైకు లేకుండానే రోడ్డు దాటింది.) పేడ తీసే ముసలిదే అడుగుతోందంటే జాగాలో ఏదో ఉందని జనం మొహాల్లో కనిపించింది. మిల్లు సేటు గోళ్లు వదిలేసి ఇంకో వంద అన్నాడు. దలాలి మీసంలో నవ్వుకున్నాడు. పని నేను అనుకున్నదానికంటే సులువుగా ఉందని నాకూ అనిపించింది. అప్పుడు నా వెనక నుంచి, నిద్రలో విన్నా పోల్చుకోగలిగిన గొంతు ఒకటి, “ఇంకో వంద” అంది.

తిరిగి చూడలేదు. చూడనక్కరలేదు. దానికి డబ్బెక్కడిది? పత్తి పైసలు వచ్చి ఉంటాయి, లేదా ఆమె అన్న ఇచ్చి ఉంటాడు. వాళ్ల అన్న అలాంటివాడే, చెల్లెలు అడిగితే కాదనడు. (నాకూ ఒక అన్న ఉన్నాడు, అడిగితే నా దగ్గరే అప్పు అడుగుతాడు.) కళ్ల ముందు ఆ ప్లాటులో ఇల్లు లేచింది. స్లాబు పడింది, గులాబీ రంగు వేశారు, ఇనుప గేటు మీద ఆమె పేరు, ఆమె ముగ్గు అక్షరాలతోనే. కట్టని ఇంటి ముందు నిలబడి కుళ్లిపోయాను. “ఇంకో వంద” అన్నాను. “ఇంకో వంద” అంది. మిల్లు సేటు ఒకసారి నోరు కలిపి మానుకున్నాడు. మిగతా జనం మొదటే మానుకున్నారు. ఇక టెంటు కింద నేను, మా యారాలు, మైకాయన మిగిలాం.

దలాలి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. ఆగితే నా కొట్టం నాది, అది కూడా గుర్తుంది. కానీ ఆగితే ఆ ప్లాటు ఆమెది. అంటే బతికినన్నాళ్లు ఆ గులాబీ రంగు ఇంటి గేటు ముందు నుంచే పేడగంప నెత్తిన పెట్టుకుని నా కొట్టానికి పోవాలి. ఆమె మెట్ల మీద కూర్చుని, బాగున్నవా అక్కా, అని అడుగుతుంది. ఆ మాట తలకెక్కగానే నా నోరు దానంతట అదే ఇంకో ఐదు వందలు పెంచింది. ఆమె ఇంకో ఐదు వందలు అంది. దలాలి అద్దాలు మళ్లీ తుడిచాడు. ఎంత గట్టిగా తుడిచాడంటే ఒక అద్దం ఊడి కింద పడింది. మైకాయనకు తాను అమ్ముతున్నది భూమి అన్న సంగతి అప్పటికే మరుపున పడింది. “భక్తులారా” అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. బయట డప్పులు వాటంతట అవే మొదలయ్యాయి.

వెనక పలావు తింటున్న అన్నదమ్ములు ఇద్దరూ, మా ఆయనా మరిదీ, పళ్లాలతోనే పరుగెత్తుకొచ్చారు. దగ్గరికి రావడానికి ధైర్యం చాలక, ముందు నువ్వు నీ పెండ్లాన్ని ఆపు, ముందు నువ్వు నీ పెండ్లాన్ని ఆపు అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. అప్పటికి ధర ఎంతదాకా పోయిందో ఇక్కడ రాయను. మా ఆయన ఇది చదివించుకుని వింటాడు, ఆయనకు బీపీ ఉంది.

ఉన్నట్టుండి వెనక గొంతు ఆగిపోయింది. ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి అని మైకాయన బల్ల చరిచి, వచ్చి నా మెడలో బంతిపూల దండ వేశాడు. డప్పులు దరువు మార్చాయి. అప్పుడు వెనక్కి తిరిగి మా యారాలిని చూశాను. ఆ ఒక్క ఊపిరి సేపు నా అంత సుఖపడిన మనిషి నల్లగొండ జిల్లాలో లేదు.

ఆమె ఏడవలేదు. లేచి, కొంగు సర్దుకుని, నన్ను దాటుకుని తిన్నగా దలాలి దగ్గరికి పోయింది. దలాలి నిలబడింది మైకు పక్కనే, మైకు ఆపినవాళ్లు ఎవరూ లేరు.

“సారూ, నువ్వు అద్దాలు తుడిస్తె నేను ఆగిన. జర లేటైంది గాని ఆగిన. అక్క ఎందుకు ఆగలేదో నాకు దెల్వదు. నా కొట్టం మూల నాకిప్పియ్యి.”

ఆ మాట టెంటు నాలుగు మూలలా వినబడింది. నాకు దండ బరువెక్కింది.

“నీ కొట్టమేందే? అది నాకు ఇప్పిస్తనన్నడు” అన్నాను.

“నీకా? నాకు పాలకేంద్రం కాడ చెప్పిండు. చీర గూడ పెట్టిండు.”

ఇద్దరం ఒకరి చీర ఒకరం చూసుకున్నాం. ఇద్దరం కలిసి దలాలిని చూశాం. పాపం, ఆయన తప్పు ఒకటే. ఊరికి పెద్ద మొహాలని రెండు ఏరుకున్నాడు గానీ ఆ రెండూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయని కనుక్కోలేదు. కొట్టం మూల ఒకటే ఉంటే మాట రెండుచోట్ల ఇచ్చాడు. మాకిద్దరికీ కొనే తాహతు లేదని మాత్రం సరిగ్గానే కనిపెట్టాడు. కుళ్లుకు తాహతుతో పని లేదని పట్నంలో ఎవరూ చెప్పలేదు కాబోలు.

మిల్లు సేటు లేచి, ఇప్పటిదాకా మమ్మల్ని గొర్రెలను చేశారా అని అడిగాడు. కుర్చీలు చప్పుడయ్యాయి, సగం మంది లేచారు, సగం మంది నవ్వుతూ లేవలేకపోయారు. డైరీ సారు మొహం ఎర్రబడింది. ఇదేం పని అని దలాలిని అడిగితే “మార్కెటింగ్ సార్” అన్నాడు. సారు చేయి చూపించాడు, రోడ్డు వైపు. దలాలి తొందరలో అడ్డదారిన పోయి పాత పెంటగుంతలో మోకాలిదాకా దిగబడ్డాడు. ఆ గుంత మీద మన్ను పోయించి, పైన ప్లాటు నంబరు రాయి పాతించింది ఆయనే. డప్పులవాళ్లే పైకి లాగారు.

సారు మైకు తీసుకుని జనానికి చేతులు జోడించాడు. తనకు ఈ సంగతి తెలియదని, ఉన్నవాళ్లు ఉంటే మొదటి నుంచి మళ్లీ అడుగుదామని, గుంత ప్లాటు అమ్మనని చెప్పాడు. మైకాయన వచ్చి నా మెడలోని దండ తీసుకుపోయాడు. ఇచ్చిన దండను వెనక్కి తీసుకోవడం మా ఊళ్లో అదే మొదలు, అదే ఆఖరు. మొదటి ప్లాటు మిల్లు సేటుకు నేను అన్న ధరలో సగానికి పోయింది. మిగతావి ఒక్కొక్కటే పోతుంటే నేను మూలకు కూర్చుని లెక్కపెట్టకుండా చూస్తున్నాను. ఆఖరున మిగిలింది కొట్టం మూల. సారు నా దగ్గరికి వచ్చి, “మాట ఇచ్చింది నేను గాదమ్మా. ఇంతమంది ముందట ఇదొక్కటి దాచిపెడితే మళ్లా అదే మోసమైతది. అడుగు, నీకొస్తే నాకు సంతోషం” అన్నాడు. న్యాయమైన మాటకు ఎదురు చెప్పలేం, అందుకే న్యాయమైన మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మిల్లు సేటు ఆ మూల కూడా తీసుకుని ట్రాక్టర్లు నిలుపుకుంటానని పక్కవాడితో అంటున్నాడు. నా దగ్గర ఉన్నది చెవుల కమ్మలు, సంఘం అప్పు, అమ్మడానికి ఒక దుడ్డె. సేటు రెండుసార్లు నోరు తెరిస్తే నా పని అయిపోతుంది.

ఎవరో వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆకుపచ్చ గళ్లు.

“అక్కా, నీ కాడ ఎంతున్నదో నాకు దెలుసు. నా కాడ ఎంతున్నదో నీకు దెలుసు. ఇద్దరియి కలిపితెనే ఒక మనిషైతం.”

“నీతోని కలిసేకంటె నా బర్రెల అంగట్ల అమ్ముకుంట.”

“అమ్ముకో. నేను గూడ అమ్ముకుంట. సేటు నీ గోలెం మీద ట్రాక్టరు నిలుపుకుంటడు.”

ఆ గోలెం నేను రోజూ కడిగింది. నా బర్రెలు మూతి పెట్టి గురగుర తాగేది. దాని మీదికి ట్రాక్టరు చక్రం ఎక్కడం కళ్లకు కనిపించింది. దాని పక్కనే గులాబీ రంగు ఇల్లు కూడా కనిపించింది గానీ, ఈసారి అది కాస్త మసకగా ఉంది.

“నువ్వు ఎడమ దిక్కు కట్టుకోవాలె. గోలెం నా దిక్కుంటది” అన్నాను.

“గోలెం నడుమ.”

“నడుమనే. పేరు నాది ముందు.”

“ఎవల అక్షరాలు సక్కగుంటె వాళ్లది ముందు” అంది. ఆ మాటకు లేచి పోవలసినదాన్నే. కానీ అప్పటికే మైకాయన ధర చెప్పాడు. ఇద్దరం ఒకేసారి లేచాం, ఒకే చీరలో, ఒకే గొంతుతో “వంద ఎక్కువ” అన్నాం. మిల్లు సేటు నోరు తెరిచాడు. మమ్మల్ని చూశాడు. తెరిచిన నోటిని మెల్లగా మూసుకుని, నాకు వద్దు బాబూ అన్నట్టు చేతులు ఊపాడు. ఒకరి మీద ఒకరు పోటీ పడితేనే ధర అంతదాకా పోయింది, ఇద్దరూ ఒక్కటై అడిగితే తన మిల్లు కూడా మిగలదని పక్కవాడితో అన్నాడట. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఎవరూ పలకలేదు. జాగా మాది, ఒక్క మాటకే. టెంటు కింద మా కుళ్లుకు మిల్లు సేటు ఇచ్చిన మర్యాద అది.

కాగితాల మీద ఆమె తన పేరు ముగ్గులా పెట్టింది. నేను నా పేరు, మా ఆయన పేరు, ఊరు, మండలం రాసి జిల్లా మొదలుపెట్టేసరికి రాయించుకునేవాడు కాగితం లాక్కున్నాడు. తెల్లారే నడుమ ఒక హద్దురాయి పాతుకున్నాం. ముక్కలు చేసిన జాగాలో ఆఖరు ముక్కను మళ్లీ ముక్క చేసినవాళ్లం మేమే. ఆ రాయిని ఆమె జానెడు నా వైపు జరిపిందని నేనూ, నేను బెత్తెడు ఆమె వైపు జరిపానని ఆమె కూడా పంచాయతీ పెట్టని నెల లేదు. (బెత్తెడు అబద్ధం. రెండు వేళ్లే.)

ఇప్పుడు ఆ ప్లాట్లన్నీ ఇళ్లయిపోయాయి. గులాబీ రంగుది కూడా ఒకటి ఉంది, ఎవరిదో. నడుమ మా మూల ఒక్కటే పేడ వాసన. కార్లలో వచ్చి జాగా అమ్ముతారా అని అడుగుతారు, చెప్పే ధర వింటే కళ్లు తిరుగుతాయి. మా యారాలు అమ్మితే అమ్ముతానని నేనంటాను. అక్క అమ్మితే అమ్ముతానని ఆమె అంటుంది. ముందు అమ్మినదానికంటే వెనక అమ్మినదానికి నాలుగు పైసలు ఎక్కువ వస్తాయని ఇద్దరికీ తెలుసు. అందుకని కార్లు వచ్చిన దారినే పోతాయి, బర్రెలు నీడన నెమరు వేస్తుంటాయి.

మొన్న మా యారాలికి జ్వరం వచ్చి నకిరేకల్ దవాఖానలో ఉంచారు. ఆమె బర్రెలను కూడా నేనే పిండాను. ఆమె పెద్ద బర్రె నా దానికంటే చెంబెడు ఎక్కువ ఇచ్చింది. చెంబును ఇటూ అటూ తిప్పి చూశాను, పాలు తగ్గలేదు. అంతలోనే ఫోను మోగింది. గొంతు నీరసంగా ఉంది, అయినా మొదటి మాట అదే. “అక్కా, నాది ఎన్నిచ్చింది?”

“నా దానంతనే” అన్నాను.

ఫోను పెట్టేసి గోలెం గట్టు మీద కూర్చున్నాను. మెడలో బంతిపూలతో వెనక్కి తిరిగి చూసిన ఆ టెంటు కింది నన్ను నేను గుర్తుకు తెచ్చుకుని, ఒంటరిగా నవ్వుకున్నాను. ఆనాటి నేనైతే, తక్కువనే ఇచ్చింది, అని చెప్పేదాన్ని.